కుల్కచర్లలో సేవెల మంచం

ఊటీ వద్దు, కాశ్మీరు వద్దు. ఈసారి మిమ్మల్ని కుల్కచర్ల తీసుకుపోతాను, రండి! హైదరాబాదులో బస్సెక్కి, చేవెళ్ల, మన్నెగూడ దాటి, పరిగిలో దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి. వికారాబాద్ జిల్లా. జొన్నచేలు, కందిచేలు, మధ్యమధ్య బండరాళ్ల గుట్టలు... హీరోయిన్ పాట పాడుకుంటూ పరిగెత్తే చోటు మాత్రం కాదు లెండి!

అక్కడ మా పెద్దమ్మ ఉంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఎండాకాలం వస్తే సేవెలు చేసేది. మిషను పట్టినవి కాదు, చేతివి! గోధుమలు తడిపి, ఆరబెట్టి, విసిరి, సన్నగా జల్లించి, ఉప్పునీళ్లతో పిండి కలిపి, తడిగుడ్డ కప్పి నానబెట్టేది. తర్వాత పీటమీద అరచేత్తో రుద్దుతూ లాగుతూ ఉంటే దారంలా సాగి వచ్చేది. ఆ దారాల్ని మంచంమీద పరిచిన తెల్లగుడ్డపై ఆరేసేది. జొన్నపిండితో ఈ ఆట సాగదు. గోధుమపిండిలో ఉండే గ్లూటెన్ జొన్నలో లేదు. అందుకే జొన్నపిండిని వేడినీళ్లతో కలిపి, రొట్టె తట్టుకుంటాం.

ఇటలీ వాళ్ల పాస్తా కథా ఇంతే! బారీ అనే ఊళ్లో ఆడవాళ్లు సందుల్లో బల్లలు వేసుకు కూచుని, గోధుమరవ్వ, నీళ్లు కలిపి, బొటనవేలితో నొక్కి చిన్నచిన్న చెవుల్లాంటి పాస్తా చేస్తారు. బొలోన్యాలో కోడిగుడ్లతో కలిపి, పొడుగాటి కర్రతో చాపలా వత్తి, రిబ్బన్లు కోస్తారు. ఆ రిబ్బను ఉడికాక 8 మిల్లీమీటర్ల వెడల్పుండాలని 1972లో అక్కడి వర్తక మండలిలో రాసి పెట్టుకున్నారు కూడా! మన గవ్వల పీటలాంటి గీతల చెక్క వాళ్లకూ ఉంది. ఇక సినిమా సంగతా? 1954లో వచ్చిన ఒక ఇటలీ చిత్రంలో ఆకలిగొన్న టోటో బల్లెక్కి స్పగెట్టీని జేబుల్లో కుక్కుకుంటాడు. నవ్వొస్తుంది, ఆ వెంటనే గొంతు పట్టేస్తుంది.

ఫోనులో బారీ అవ్వల్ని పెద్దమ్మకు చూపించాను. మొహాలు చూడలేదు, చేతులే చూసింది.

"గాడ గూడ ముసలోళ్లే జేస్తున్నరా బిడ్డా?" అంది. కాసేపాగి, "పిండి మంచిగ గట్టిగనే కలిపిందిలే" అని సర్టిఫికెట్టు ఇచ్చేసింది!

పెద్దమ్మ ఇప్పుడు చెయ్యలేదు. మణికట్లు వాచిపోయాయి. ఈ వేసవిలో వాడలోని ముగ్గురు ఆడపిల్లలు నేర్చుకుంటామని వచ్చారు. రెండో రోజుకు ఇద్దరు మాయం. మిగిలిన పిల్ల ఇంటర్ చదువుతోంది. లాగిన ప్రతిసారీ దారం పుటుక్కుమంటోంది. చేత్తో చేసి చూపించలేక పెద్దమ్మ మాటల్తో చెప్పబోయింది. మాటలు చాలలేదు. చివరికి ఆ పిల్ల చెవి పట్టుకుంది.

"గీ తమ్మె లెక్క మెత్తగుండాలె పిండి. ఇంకింత పిసుకు!"

నాకో పాత పాపం గుర్తొచ్చింది. చిన్నప్పుడొకసారి మంచం దగ్గర కాకుల్ని తోలమని నన్ను కూచోబెట్టింది. నేను మెల్లగా జారుకుని పరిగి పోయి మ్యాట్నీలో కూచున్నాను. ఇంటర్వెల్‌కు వాన! బిడ్డ పెండ్లికి నాలుగు రోజులపాటు చేసిన సేవెలన్నీ ముద్దయిపోయాయి. పెద్దమ్మ తిట్టలేదు, మా అమ్మకు చెప్పలేదు. ఆ రాత్రే దీపం పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, ఆనాడు..." అని మొదలుపెట్టానో లేదో...

"గా సినిమా ఏందిరా?" అంది నవ్వుతూ.

ఎంత ఆలోచించినా పేరు తట్టలేదు. అంత నష్టం చేసి చూసిన సినిమా!

సాయంత్రానికి ఆ పిల్ల చేతిలో మూర పొడుగు దారం తెగకుండా వచ్చింది. లావుగానే ఉంది. పెద్దమ్మ దాన్ని ఎత్తి, వెలుగుకు పట్టి చూసి, మంచంమీద వేసింది. నా వైపు తిరిగి, "ఊకె నిలవడ్డవేంది? కాకుల్ని తోలు" అంది.

కర్ర పట్టుకుని కూచున్నాను. పరిగి పోయే బస్సు హారను కొడుతూ వెళ్లిపోయింది.