చదవకుండా పెట్టిన సంతకము

పాస్టరుగా మమ్మును ఎరిగినవారిలో చాలామందికి, మేము వేదాంత పాఠశాలకు పోకముందు బీమా పనిలో శిష్యరికము చేశామని తెలియదు. మేమూ ఆ మాట ఎక్కడా ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో చెప్పుకొనుటకే ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాము.

అది 2003వ సంవత్సరము. డిగ్రీ అయి ఇంట్లో కూర్చున్నాము. మా ఊరు రేపల్లె పక్కన, అప్పటి గుంటూరు జిల్లా. 2022 నుండి బాపట్ల జిల్లాలోనిది. నాన్నగారు సంఘ పెద్ద, కౌలు రైతు. ఆదివారము ఆరాధన ముగిసి బయటికి వస్తే చాలు, "అబ్బాయికి ఏమైనా దొరికిందా?" అని నలుగురు అడిగేవారు. ఆ ప్రశ్నకు భయపడి వెనుక తలుపున పోయిన ఆదివారములు కూడా ఉన్నాయి.

1956 నుండి జీవిత బీమా ఒక్క ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉండేది. 2000లో ప్రైవేటు కంపెనీలకు కూడా అనుమతి వచ్చింది. దానితో ఊరూరా ఏజెంట్లు కావలసివచ్చారు. మా మేనమామకు ఎరుకైన ఏజెంటు ఒకాయన తెనాలిలో ఉండేవారు. మేము ఆయనను గురువుగారనే పిలిచేవారము. మమ్మును చూడగానే ఆయన మా చదువు సంగతి అడగలేదు. "మీ సంఘములో ఎన్ని కుటుంబాలు?" అని అడిగారు. "నూట ఇరవై" అన్నాము. "రేపటినుంచి రా" అన్నారు.

లైసెన్సుకు అప్పట్లో 100 గంటల శిక్షణ, ఆపైన పరీక్ష ఉండేవి. ఆ ఫీజుకు మా దగ్గర డబ్బు లేదు. "ముందు నా వెంట తిరుగు, పని పట్టుబడ్డాక పరీక్ష కట్టిస్తాను" అన్నారు గురువుగారు. ఆయన మోపెడ్ వెనుక కూర్చుని, ఒడిలో రెగ్జిన్ సంచి పెట్టుకుని, కాలువ గట్ల వెంబడి తిరిగాము. ఒక ఫారము నింపి తెస్తే మాకు యాభై రూపాయలు.

ఆయన నేర్పినవన్నీ చెడ్డవని అనలేము. ఇంటికి పోగానే మంచినీళ్లు అడగాలి. నీళ్లిచ్చిన ఇల్లు మాట వింటుంది. గోడమీది ఫోటోలు చూడాలి, పిల్లల పేర్లు అడగాలి. "చావు మాట ఎత్తకు, ఆడపిల్ల పెళ్లి మాట ఎత్తు" అనేవారు. తప్పిపోయిన పాలసీ మీద ఆయనకు పెద్దగా పట్టింపు లేదు. మొదటి సంవత్సరము కమీషను పెద్దది, తరువాతి సంవత్సరములది చిన్నది. అందుచేత పరుగంతా కొత్త ఫారముల వెనుకనే. కిస్తీ తేదీ దాటితే అర్ధసంవత్సరపు కిస్తీకి ముప్పై దినముల గడువు ఉంటుందన్న సంగతి కూడా చాలా ఇళ్లలో ఎవరూ చెప్పలేదు. గడువు దాటి పాలసీ చచ్చిపోయేది, కట్టిన డబ్బు నీళ్లలో పోయేది.

మాకు ఆశ్చర్యము కలిగించినది ఒకటుంది. వయస్సు రుజువుకు బడి సర్టిఫికెట్టు లేనివారి దగ్గర బాప్తిస్మపు పత్రమును బీమావారు ఒప్పుకుంటారు. మన పల్లెలలో ఎప్పుడు పుట్టావని అడిగితే, "ఉప్పెన నాటికి గేదెలు కాసేవాణ్ణి" అంటారు. 1977 నవంబరు ఉప్పెనే వారి కాలెండరు. కాని గుడిలోని పాత రిజిష్టరు తీస్తే తేదీతో సహా ఉంటుంది. గురువుగారు మమ్మును ఎందుకు చేరదీశారో అప్పుడు బోధపడింది. ఆ రిజిష్టరు ఉన్న బీరువా తాళము మా నాన్నగారి మొలతాడుకే ఉండేది.

బీమా చేయించుట దేవుని నమ్మకపోవుటే అనేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వారితో మేము వాదించము. ఒక్కటి మాత్రము చెప్పి ముందుకు పోతాము. స్కాట్లాండులో 1740లలో, చనిపోయిన పాదిరుల భార్యాపిల్లల కొరకు లెక్కలు కట్టి నిధిని ఏర్పాటు చేసినవారు ఇద్దరు పాదిరులే, రాబర్ట్ వాలస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అనువారు. ఈ సంగతి మాకు ఆ రోజులలో తెలియదు.

2004 మార్చి నెల. లెక్కల సంవత్సరము ముగిసేలోపు గురువుగారికి ఇంకా పదకొండు పాలసీలు కావాలి. మా సంఘములోనే ఒక అన్న ఉండేవాడు. కూలి పని, కొంచెము కౌలు, ఇద్దరు ఆడపిల్లలు. మా మాట మీద ఒప్పుకున్నాడు. యాభై వేల పాలసీ, ఆరు నెలలకొక కిస్తీ. దీపము వెలుతురులో మేము ఫారము నింపాము. గురువుగారు బయట మోపెడ్ మీదనే ఉన్నారు, ఇంకో రెండిళ్లకు పోవాలి.

ఫారములో ఆరోగ్యమును గూర్చిన ప్రశ్నలు వరుసగా ఉంటాయి. క్షయ, ఉబ్బసము, గుండె జబ్బు ఏమైనా ఉన్నదా, గడచిన సంవత్సరములలో ఆసుపత్రిలో చికిత్స పొందారా అని. గురువుగారు నేర్పిన విధమేమంటే, అడగనక్కరలేదు, పైనుండి కిందికి 'లేదు, లేదు' అని రాసుకుంటూ పోవుటే. అలాగే రాశాము. కాని ఆ అన్న రెండేళ్ల క్రితము క్షయకు సర్కారు ఆసుపత్రిలో ఆరు నెలలు మందులు మింగాడు. మాకు తెలియనిది కాదు. ఉపవాస కూటములో అతని పేరు చెప్పి ప్రార్థన చేసినప్పుడు ఆమేన్ అన్నవారిలో మేమూ ఉన్నాము.

అన్నకు చదువు రాదు, వేలిముద్ర వేశాడు. వేలిముద్ర వేసిన ఫారము కింద ఇంకొక చోట సంతకము కావాలి. కంపెనీతో సంబంధము లేని మనిషి ఒకరు, ఇందులోని సంగతులన్నీ ఇతనికి ఇతని భాషలో చదివి వినిపించాను, ఇతడు గ్రహించే వేలిముద్ర వేశాడు అని ఒప్పుకుంటూ పెట్టాలి. మాకు ఇంకా లైసెన్సు లేదు గనుక కాగితము మీద మేము కంపెనీకి సంబంధము లేనివారమే. మా శిష్యరికము వలన గురువుగారికి కలిగిన అసలు ప్రయోజనము ఇదని చాలా ఆలస్యముగా తెలుసుకున్నాము. సంతకము పెట్టాము. ఒక్క ముక్క చదివి వినిపించలేదు. వదిన మాకు టీ ఇచ్చింది.

నిజము రాసి ఉంటే ఏమయ్యేది? డాక్టరు పరీక్ష, ఎక్స్‌రే అడిగి ఉండేవారు. కిస్తీ కొంచెము పెంచి ఉండవచ్చు, లేదా కొంతకాలము ఆగి రమ్మని ఉండవచ్చు. ఆ మార్చి నెల లెక్కలో ఒక పాలసీ తగ్గి ఉండేది, అంతే.

ఆ ఏడే మాకు లైసెన్సు వచ్చింది. శిక్షణలో మొదటి పాఠములలోనే చెప్పారు, బీమా ఒప్పందమునకు పునాది పూర్తి నిజాయితీ, ఇరువైపులవారూ తమకు తెలిసినది దాచకుండా చెప్పుకోవాలి అని. మేము దానిని పరీక్ష కొరకు బట్టీ పట్టాము.

అన్న మూడు కిస్తీలు కట్టాడు. మూడవది కోతల కూలి డబ్బుతో వదిన కట్టింది, ఎందుకంటే అప్పటికి అన్న మంచము పట్టాడు. దగ్గు తిరగబెట్టింది. 2005 మే నెలలో ప్రభువునందు నిద్రించాడు. పాలసీకి పదునాలుగు నెలలు.

పాలసీ తీసుకున్న కొద్దికాలములోనే మరణము సంభవిస్తే కంపెనీవారు విచారణ చేస్తారు. ఆనాటి చట్టములో రెండు సంవత్సరములలోపు పాలసీని, ఫారములోని తప్పు జవాబును బట్టి ప్రశ్నించవచ్చు. 2015 సవరణ చట్టముతో అది మూడు సంవత్సరములైంది. విచారణకు వచ్చిన మనిషి మర్యాదస్థుడే. మందుల చీటీలేమైనా ఉన్నాయా అమ్మా అని అడిగాడు. ఏ పాపమూ ఎరుగని వదిన, పెట్టెలో గుడ్డలో చుట్టి దాచిన ఆసుపత్రి కార్డు తీసి అతని చేతిలో పెట్టింది.

రెండు నెలలకు ఇంగ్లీషులో ఉత్తరము వచ్చింది. వదిన దానిని మా దగ్గరకే తెచ్చింది, చదివి చెప్పుమని. జబ్బును దాచిపెట్టినందున క్లెయిము చెల్లదని, కట్టిన డబ్బు కూడా రాదని అందులో ఉన్నది. చదివి చెప్పాము. దాచినది ఎవరో మాత్రము చెప్పలేదు. "ఆయన ఎప్పుడూ ఏదీ దాచే మనిషి కాదయ్యా" అని వదిన అన్నది. మేము తల వంచుకుని ఉత్తరమును మడత పెట్టి ఇచ్చాము.

గురువుగారిని అడిగితే, "ఇలాంటివి నూటికి ఒకటి వస్తాయి, మనసులో పెట్టుకోకు" అన్నారు. ఆ నెలలోనే సంచి ఆయన ఇంటి అరుగు మీద పెట్టి వచ్చేశాము. దీనిని గొప్పగా చెప్పుకొనుటలేదు. చేయవలసినది పని మానుట కాదు, నోరు తెరచుట. బీమా తగాదాలకు హైదరాబాదులో అంబుడ్స్‌మన్ కార్యాలయము అప్పటికే ఉన్నది. ముందు కంపెనీకి రాసి, వారు కాదన్నాక ఏడాదిలోపు అక్కడ ఫిర్యాదు చేసుకోవచ్చు. రుసుము లేదు, ప్లీడరు అక్కరలేదు. ఆ ఫారము రాసినది మేమే, అతడు చెప్పనిది కాదు మేము అడగనిది అని ఒక కాగితము రాసి ఇచ్చి ఉంటే వారు ఏమనేవారో, ఆ అవకాశమే వదినకు మేము దక్కనివ్వలేదు.

2006లో వేదాంత పాఠశాలలో చేరాము. డిప్లొమా వచ్చింది, పెండ్లి అయింది, వేరే ఊరిలో సంఘమును అప్పగించారు. 2010లో నాన్నగారి సమాధి కార్యక్రమమునకు ఊరికి పోయినప్పుడు, ఇంటావిడను వెంటబెట్టుకుని వదిన ఇంటికి పోయాము. పెద్దపిల్లకు పెళ్లయింది, చిన్నది కుట్టు మిషను మీద ఉంది. కూర్చోమని చాప వేసింది. చెప్పవలసినది చెప్పాము, మొదటినుండి.

వదిన చాలాసేపు చాప అంచు పీకుతూ ఉండిపోయింది. తరువాత అన్నది, "నాకు ఆ రోజే తెలుసయ్యా. టీ ఇచ్చి గుమ్మములో నిలబడ్డాను గదా. నువ్వు రాసుకుంటూ పోతున్నావు, ఆయన్ను ఒక్క మాటా అడగలేదు. చదువుకున్నవాడు, వాడికి తెలియదా అనుకున్నాను." క్షమించానని అనలేదు, క్షమించలేదనీ అనలేదు. "అమ్మగారికి ఎండగా ఉంది, మజ్జిగ తాగి పోండి" అన్నది.

ఇప్పుడు మా సంఘస్థులు బాప్తిస్మపు పత్రము కొరకో, వేలిముద్ర కింద సంతకము కొరకో వస్తే, ఫారము మొత్తము చదువుతాము. గంట పడుతుంది. ఏజెంట్లకు మా మీద కోపమే. ఈ మధ్య ఫారము ఫోనులోనే నింపుతున్నారు. ప్రశ్న చదివేలోపే ఓటీపీ వచ్చేస్తుంది. పోయిన నెలలో ఒక కుర్రవాడు, కొత్తగా పనిలో చేరినవాడు, మా సంఘస్థుణ్ణి ఒకాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. "అయ్యగారూ, ఇక్కడ ఒక్క సంతకము చాలండీ" అన్నాడు. బల్ల మీద కూర్చోమన్నాము, కళ్లజోడు పెట్టుకున్నాము. నాలుగవ ప్రశ్న దగ్గర ఆ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"అయ్యగారూ, నాకు పోయిన ఏడు షుగరని చెప్పి మాత్రలిచ్చారు. అది కూడా రాయాలాండీ?"

కుర్రవాడు మా ముఖము వంక చూశాడు. "రాయి బాబూ" అన్నాము.