అడుగులూ అంగుళాలూ

బోరు వేయించినవాడికి కొలతలు రెండు. డబ్బు కట్టేది అడుగుల్లో, నీళ్లు అందుకునేది అంగుళాల్లో. నాలుగువందల అడుగులకు బిల్లయితే రెండంగుళాల నీళ్లు పడ్డాయని ఊరంతా చెప్పుకుంటారు. పడకపోయినా బిల్లు బిల్లే. పైగా లోతుకు పోయినకొద్దీ అడుగు ధర పెరుగుతుంది!

మా వరంగల్ వైపు పల్లెల్లో ఎండలు ముదిరాయంటే బోరు బండి, వెనకాలే కంప్రెసరు బండి దిగుతాయి. చాలావాటి నంబరు పలకలు తమిళనాడువి. అక్కడి తిరుచెంగోడు బోరు బండ్లకు పుట్టినిల్లు. ఆ ఊళ్లో బండ్లు నడిపేవాళ్లూ ఉన్నారు, తయారుచేసేవాళ్లూ ఉన్నారు.

ఈ వ్యాపారపు కిటుకు ముందే పట్టినవాడు అమెరికాలో ఉండేవాడు. హూస్టన్‌లో హోవార్డ్ హ్యూస్ అనే ఆయన 1909లో, రాతిని గీకకుండా పళ్లచక్రాలతో నలగ్గొట్టే బిట్టుకు పేటెంటు తీసుకున్నాడు. చమురు బావులవాళ్లు ఎగబడ్డారు. ఆయన మాత్రం బిట్టు అమ్మలేదు, అద్దెకిచ్చాడు! అమ్మితే ఒకసారి డబ్బు, అద్దెకైతే రాయి ఉన్నన్నాళ్లూ డబ్బు. 1924లో ఆయన పోయాక, పద్దెనిమిదేళ్ల కొడుకు ఆ రాబడితో సినిమాలు తీశాడు, విమానాలు కట్టాడు. 1972లో ఆ కంపెనీని అమ్మేశాడు.

మనది నల్లరాయి దేశం. ఇక్కడ గాలి ఒత్తిడితో కొట్టే హేమరు కావాలి. దాని మొనకు టంగ్‌స్టన్ కార్బైడ్ బొడిపెలుంటాయి. ఎంతటి బండయినా పిండే. అయితే బండలో నీళ్లుండేది పగుళ్లలో. పగులు తగిలితే గంగ, లేకుంటే తెల్లదుమ్ము. ఆ పగులు ఎక్కడుందో చెప్పడానికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగే పెద్దమనిషి ఉండనే ఉన్నాడు. యంత్రం ఏటేటా బలిసింది. కొబ్బరికాయ మాత్రం అదే.

పక్క చేనువాడు మూడువందలు దింపితే మనం నాలుగువందలు దింపాలి. అప్పుడు వాడి బోరు ఎండుతుంది, వాడు ఐదువందలంటాడు. ఈ పందెంలో గెలిచేది బండి ఒక్కటే. 1997-98లో పత్తి పురుగు పాలై ఈ జిల్లాలో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ల అప్పుల్లో పురుగుమందుతో పాటు ఎండిన బోర్ల ఖర్చూ ఉంది. 2002లో వాల్టా చట్టం వచ్చి, బోరు వేయాలంటే అనుమతి, బండికి రిజిస్ట్రేషను అంది.

రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు తవ్వించిన కాకతీయుల కాలంవాళ్లు లోతుకు పోలేదు, వానను ఆపారు. 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల్లో పూడిక తీసిందీ అందుకే. చెరువు నిండితే చుట్టుపక్కల బోర్లకు ఊట అందుతుంది.

యంత్రం చేసే ఇంటివాళ్లు బాగుపడితే నాకేం కడుపుమంట లేదు. ఒక్కటే మనవి: అడుగుకింత అని కాక, అంగుళానికింత అని బిల్లు వేసే బండి ఏదైనా ఉంటే మా పల్లెలకు పంపండి. పిల్ల పెళ్లికి దాచిన డబ్బు ఇంట్లోనే ఉంటుంది.