నీటికాకి... ఒక్కటి కాదు, నలభై!

చెరువు మధ్యలో ఓ ఎండిపోయిన తుమ్మమోడు. దానిమీద రెండు రెక్కలూ బార్లా చాపుకుని ఓ నల్లటి పిట్ట... ఉతికి ఆరేసిన చొక్కాలా! పల్లెల్లో పెరిగినవాళ్లకి రోజూ కనిపించే దృశ్యమే. అందుకేనేమో ఎవరూ ఆగి చూడరు. ఆగి చూస్తే మాత్రం ఆ పిట్ట మనల్ని ఎడ్లపాడు నుంచి అంటార్కిటికా దాకా తీసుకెళుతుంది.

గుంటూరు నుంచి జాతీయ రహదారి మీద చిలకలూరిపేట వైపు వెళ్తుంటే, పేట ఇంకాస్త దూరం ఉందనగా ఎడ్లపాడు వస్తుంది. ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022లో పల్నాడు జిల్లాలోకి వచ్చింది. పత్తి, మిరప చేల మధ్య నుంచి చూస్తే కొండవీడు కొండలు కనిపిస్తాయి. బయటివాళ్లు ఇక్కడ దిగేది ఎక్కువగా రెడ్డిరాజుల కోట చూడటానికే. మేం మాత్రం కోట దారి వదిలేసి దగ్గర్లోని ఓ చెరువుగట్టు ఎక్కాం. పొద్దున ఏడు గంటలు. గేదెల్ని తోలుకొస్తున్న ఓ పెద్దాయన మా చేతుల్లోని బైనాక్యులర్స్ చూసి ఆగాడు.

‘ఏంది బాబూ చూస్తన్నారు?’

‘నీటికాకుల్ని తాతా.’

‘ఆటికోసమా ఇంత దూరం వచ్చింది!’ అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆయన నవ్వులో తప్పులేదు. నెమలికున్న అందం, హంసకున్న పేరు దీనికి లేవు. పైగా పేరులోనే కాకి! నిజానికి కాకికీ దీనికీ చుట్టరికమే లేదు. నలుపు చూసి మనవాళ్లు నీటికాకి అన్నారు. తమాషా ఏమిటంటే, ఇంగ్లిష్‌లో దీన్ని పిలిచే ‘కార్మొరాంట్’ అన్న మాట కూడా లాటిన్‌లో ‘సముద్రపు కాకి’ అనే అర్థమున్న పదాల నుంచే వచ్చింది. ఎక్కడో ఐరోపా వాళ్లకీ మనకీ ఒకే పోలిక తట్టిందన్నమాట!

మూడు రకాలు... పోల్చుకోండి

ప్రపంచంలో నీటికాకులు దాదాపు 40 జాతులున్నాయి. మన చెరువుల్లో కనిపించేవి మూడు. అన్నీ నల్లగానే ఉన్నాయి కదా అని ఒకే గాటన కట్టేయకండి. ఎక్కువగా కనిపించేది చిన్న నీటికాకి. పొడవు అర మీటరు. పొట్టి ముక్కు, పొట్టి మెడ. చాలాసార్లు ఒంటరిగానే వేటాడుతుంది. రెండోది భారతీయ నీటికాకి. దానికన్నా కాస్త పెద్దది. సన్నని పొడవాటి ముక్కు, చివర కొక్కెం. దగ్గర్నుంచి చూస్తే ఆకుపచ్చా నీలం కలిసిన కళ్లు మెరుస్తాయి. వీటికి ఐకమత్యం ఎక్కువ. గుంపుగా బారులు తీరి చేపల్ని తరుముతాయి. మూడోది పెద్ద నీటికాకి. దాదాపు బాతంత బరువు. ముక్కు మొదట్లో పసుపురంగు చర్మం, గుడ్లు పెట్టే కాలంలో తొడల దగ్గర తెల్లటి మచ్చ... ఇవే గుర్తులు.

ఆ ఉదయం మాకు కనిపించినవి మొదటి రెండు రకాలు. గంటసేపు చూశాక ‘ఇది చిన్నది, అది భారతీయ’ అని మాకే తెలిసిపోయింది. ఇంట్లో పిల్లలతో ఆడటానికి ఇంతకన్నా మంచి ఆట ఏముంటుంది?

రెక్కలు ఎందుకు ఆరేస్తుంది?

బాతు నీళ్లలోంచి బయటికొస్తే ఒక్కసారి విదిలిస్తే చాలు, ఒళ్లు పొడి. నీటికాకి అలా కాదు. దాని ఈకల పైభాగం నీళ్లు పీల్చుకుంటుంది. లోపలి పొర మాత్రం చర్మాన్ని తడవనివ్వదు. అది లోపమేం కాదు. పొడి ఈకల్లో చిక్కుకున్న గాలి పిట్టను పైకి తేలుస్తుంది. ఈకలు తడిస్తే మునగడం తేలిక. అందుకే నీటికాకి చేపల వెంట నీళ్లలోపలే పరుగు తీయగలదు. దక్షిణ సముద్రాల్లో ఉండే కొన్ని జాతులు వంద మీటర్లకు పైగా లోతుకు మునుగుతాయి!

ఆ సుఖానికి మూల్యం కూడా ఉంది. మునిగినప్పుడల్లా ఒడ్డుకొచ్చి ఆరేసుకోవాలి. ఆల్బట్రాస్ పక్షిలా నెలల తరబడి నడిసముద్రంలో తిరగడం దీనివల్ల కాదు. ఒడ్డును వదలలేదు. వీటిలో ఇన్ని రకాలు రావడానికి అదీ ఓ కారణమే. ఓ దీవిలో స్థిరపడ్డ పిట్టలు పక్క దీవికి పెద్దగా వెళ్లవు. తరాలు గడిచేకొద్దీ ఒక్కో దీవిలో ఒక్కో రకంగా మారిపోతాయి. న్యూజిలాండ్ చుట్టుపక్కల దీవుల్లో పదికి పైగా జాతులున్నది అందుకే. అంటార్కిటికా అంచుల్లో ఉండేవాటికి తెల్లటి పొట్ట, కంటి చుట్టూ నీలం ఉంగరం. పెరూ, చిలీ తీరాల్లోని ఓ రకానికి పగడాల్లాంటి ఎర్రటి కాళ్లు.

గాలాపగోస్ దీవుల్లోని జాతి కథ మరీ విచిత్రం. అక్కడ తరిమే శత్రువులు లేరు, ఒడ్డునే బోలెడు చేపలు. ఎగరాల్సిన పనిలేక రెక్కలు కుంచించుకుపోయాయి. అయినా నీళ్లలోంచి రాగానే ఆ మొండి రెక్కల్నే చాపి ఆరేసుకుంటుంది! 2020 లెక్కల ప్రకారం ఇవి 2,220 ఉన్నాయి.

ఇక మన రైతులు వినాల్సింది పెరూ సంగతి. అక్కడి దీవుల్లో ‘గ్వానే’ అనే నీటికాకులూ ఇతర పక్షులూ వేసిన రెట్ట ఎండి, పదుల మీటర్ల ఎత్తున గుట్టలుగా పేరుకుంది. రసాయనిక ఎరువులు రాకముందు, 19వ శతాబ్దంలో దాన్ని తవ్వి ఓడలకెత్తి ఐరోపా పొలాలకు పంపేవారు. పిట్ట రెట్టతో ఓ దేశం ఖజానా నిండిందంటే నమ్ముతారా?

జపాన్‌లోని గిఫులో నీటికాకులకు కొలువే ఉంది. నగరా నదిలో 1300 ఏళ్లకు పైగా వాటితో చేపలు పట్టిస్తున్నారు. మెడ అడుగున తాడు కడతారు. చిన్నచేప గొంతు దిగుతుంది, పెద్దది ఆగిపోతుంది. కూలీ పిట్టకి, పంట యజమానికి!

ఒకటి పోయింది...

అన్ని కథలూ ఇలా సరదాగా ముగియలేదు. 1741లో రష్యా తూర్పు అంచున బేరింగ్ దీవిలో చిక్కుకుపోయిన ఓడలో స్టెల్లర్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఉన్నాడు. అక్కడ ఆయన ఓ పెద్ద నీటికాకిని చూశాడు. కళ్ల చుట్టూ అద్దాలు పెట్టుకున్నట్టు తెల్లటి వలయాలు. సరిగా ఎగరలేదు. ఒక్క పిట్ట ముగ్గురి ఆకలి తీర్చేదట. తరవాత వచ్చినవాళ్లూ అదే పని చేశారు. 1850 ప్రాంతానికి ఆ జాతే లేకుండా పోయింది. ఒడ్డును వదలలేని పిట్టకు ఆ ఒడ్డునే మనిషి ఎదురుపడితే ఇక దిక్కెవరు?

మన చెరువుల దగ్గరా ఆ ప్రశ్న ఉంది. చేపల కోసం చెరువును పాట పాడుకున్నవాళ్లకి నీటికాకి కంట్లో నలుసు. వేలకు వేలు పోసి చేపపిల్లల్ని వదిలితే పిట్టొచ్చి మింగేస్తుంటే కడుపు మండదా మరి! నష్టం లేదని మనం గట్టుమీద కూర్చుని చెప్పడం తేలికే. అయితే చిన్న నీటికాకి గొంతు పట్టేది చిన్నచేపే. పిల్లలు కాస్త ఎదిగాక వదిలితే, వదిలిన కొత్తల్లో కాపలా ఉంటే నష్టం తగ్గుతుంది. ఉచ్చులూ విషమూ పెడితే మాత్రం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఇంకో దారి కూడా ఉందని చూపించిన ఊరు ఎంతో దూరంలో లేదు. గుంటూరు దాటి పెదకాకాని మండలంలోకి వెళ్తే ఉప్పలపాడు. ఊళ్లోని చెరువుల్ని పిట్టలకు విడిచిపెట్టి, వాటిని చూసి మురిసిపోయే ఊరది. చెట్లు చాలకపోతే గూళ్ల కోసం స్టాండ్లు కూడా పెట్టారు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగల పక్కనే నీటికాకులూ చేరతాయి. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చూడ్డానికి అనువైన కాలం. ఒకేరోజు పొద్దున కొండవీడు, సాయంత్రం ఉప్పలపాడు పెట్టుకోవచ్చు.

మేం తిరిగొచ్చేసరికి పెద్దాయన గేదెల్ని నీళ్లలోకి తోలి గట్టుమీద కూర్చున్నాడు. బైనాక్యులర్స్ చేతికిచ్చాం. కాసేపు అటూ ఇటూ తిప్పి, మోడు మీద ఆపాడు.

‘కళ్లు పచ్చంగా ఉన్నయ్యే!’ అన్నాడు. డెబ్భై ఏళ్లుగా చూస్తున్న పిట్టే. కళ్ల రంగు చూసింది మాత్రం ఆరోజే.