మార్కరుగారి ఆట

తెలుగు ఎమ్మే చదివి, కళాశాలలో ప్రబంధాలు చెప్పుకుని బతికేవాడికి కంప్యూటరు ఆటలతో ఏం పని అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా ఆవిడ కూడా ఇదే అడుగుతుంది. కాకపోతే ఆవిడ అడిగేది మా పన్నెండేళ్ల కుర్రవాణ్ణి.

వాడు రాత్రి అన్నం తినగానే నా ఫోను పుచ్చుకుని ఓ మూల చేరతాడు. అందులో ఎయిట్ బాల్ పూల్ అని ఒక ఆట వుంది. ఒక బల్ల, రంగురంగుల బంతులు, ఒక కర్ర. అవతల ఆడేవాడు ఏ ఈజిప్టులోనో బ్రెజిల్లోనో వుంటాడట. మొన్న వాడు ఓడిపోయి మూతి ముడుచుకుని కూర్చుంటే, "పోనీలేరా, అవతలివాడు నీకన్నా పెద్దవాడేమో" అన్నాను. వాడు నా వంక జాలిగా చూసి, "పెద్దో చిన్నో, అసలు మనిషో కాదో, ఎవరికి తెలుసు నాన్నా?" అన్నాడు.

ఆ మాటే ఇరవై యేళ్ల క్రితం మా ఇంట్లో ఒకసారి వచ్చింది. అప్పుడు ఆ ఆట ఆడింది మా నాన్న.

మా నాన్న మార్కరు. ఇప్పటి పిల్లలకు మార్కరంటే తెల్లబోర్డు మీద రాసే కలం. క్లబ్బుల్లో బిలియర్డ్సు బల్ల పక్కన నిలబడి లెక్క పలికేవాణ్ణి కూడా మార్కరనే అంటారు. మెంబరుగారు కొట్టిన బంతి గుంటలో పడగానే స్కోరు బిగ్గరగా చెప్పాలి. గోడకున్న చెక్క బోర్డు మీద ముల్లు జరపాలి. పడ్డ రంగు బంతిని తీసి మళ్లీ దాని చోట పెట్టాలి. కర్ర కొనకు సుద్ద అందించాలి. ఇది పైకి కనిపించే ఉద్యోగం. కనిపించనిది పొద్దున్నే మొదలవుతుంది. పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు బల్ల అది. పచ్చగుడ్డ కింద ఐదు పలకరాళ్లు వుంటాయి. ఆ గుడ్డకు నూగు వుంటుంది, పిల్లి వీపు మీద వున్నట్టు. నూగు వాలిన వైపుకే బ్రష్షుతో దువ్వాలి, ఆ తర్వాత ఇస్త్రీ చెయ్యాలి. మాది సముద్రం దగ్గరి ఊరు. వానాకాలం వచ్చిందంటే గాలిలోని తేమంతా ఆ గుడ్డే తాగేది. "ఇవాళ బల్ల బరువుగా వుందిరా" అనేవాడు నాన్న, ఎవరికో ఒంట్లో బాగాలేదన్నట్టు.

1958 లో, పద్నాలుగో యేట, బంతులు తుడిచే కుర్రాడుగా ఆయన ఆ క్లబ్బులో చేరాడు. ఆ యేడే కలకత్తాలో విల్సన్ జోన్స్ బిలియర్డ్సులో ప్రపంచ అమెచ్యూరు ఛాంపియన్ అయ్యాడు. పత్రికలో పడిన ఆయన బొమ్మ కత్తిరించి నాన్న తన రేకుపెట్టెలో అంటించుకున్నాడు. దేవుడి పటాలు అమ్మ వంతు, జోన్స్ పటం నాన్న వంతు.

స్నూకరు అనే మాట ఎక్కడిదో తెలుసునా? (అడక్కపోయినా చెప్పడం మా ఉపాధ్యాయుల జబ్బు, మన్నించాలి.) ఇంగ్లండులో సైనిక విద్యాలయంలో కొత్తగా చేరిన కుర్రవాళ్లను ఎగతాళిగా స్నూకరనేవారట. 1875 లో జబల్పూరులో నెవిల్ చేంబర్లేన్ అనే సైనికాధికారి—తరవాత ప్రధానమంత్రి అయిన ఆ చేంబర్లేన్ కాదు సుమండీ—అప్పటికి వున్న ఆటకు మరికొన్ని రంగు బంతులు చేర్చి కొత్త ఆట కట్టాడు. సులువైన బంతి తప్పిన తోటివాణ్ణి "స్నూకరు" అని వెక్కిరించాడు. ఆ వెక్కిరింతే ఆటకు పేరయింది. 1882 లో ఊటీ క్లబ్బులో నిబంధనలు రాసుకున్నారు. ఇంగ్లీషువాళ్ల ఆట అని మనం అనుకునేది మన గడ్డ మీద పుట్టిందేనన్నమాట. పుట్టినా, ఆ బల్ల మీద వంగే హక్కు మాత్రం మా నాన్నకు వుండేది కాదు.

అసలే వుండేది కాదంటే అబద్ధం. ఏ మెంబరుగారికయినా జోడీ దొరకని సాయంత్రం, "రావోయ్, ఓ ఫ్రేము ఆడదాం" అని పిలిచేవారు. అప్పుడు ఆడాలి. ఆడి ఓడాలి. ఎవరూ ఆ సంగతి పైకి చెప్పరు గాని అది ఉద్యోగంలో భాగమే. మరీ చిత్తుగా ఓడితే ఆయనకు సరదా వుండదు. గెలిస్తే మనకు ఉద్యోగం వుండదు. చివరి నల్లబంతి దాకా తెచ్చి, దాన్ని గుంట అంచున వెంట్రుకవాసిలో నిలబెట్టి, పక్కకు తప్పుకోవాలి. గెలవడం అందరూ నేర్చుకుంటారు. అలా ఓడటానికి ఎంత చెయ్యి కావాలో ఆలోచించండి! నలభై ఆరేళ్లపాటు మా నాన్న అలా ఓడాడు. ఆ ఓటమే మాకు అన్నం పెట్టింది.

ఇక నా సంగతి. 2000 లో ఎమ్మేలో చేరేటప్పుడు దరఖాస్తులో "తండ్రి వృత్తి" అన్నచోట నేను "ప్రైవేటు ఉద్యోగం" అని రాశాను. కింద నాన్న సంతకం కావాలి. ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని ఆసాంతం చదివాడు. ఆ గడి దగ్గర కాసేపు ఆగాడు. సంతకం చేసి, సిరా ఆరేదాకా ఊది, నా చేతికిచ్చాడు. ఆయన ఏమీ అనలేదు. అని వుంటే నేను ఇప్పటికి మరిచిపోయి వుందును.

2004 లో ఆయనకు కుడిచేతి వణుకు మొదలయింది. బంతిని దాని చోట పెట్టబోతే పక్క బంతికి తగిలేది. క్లబ్బువారు ఒక శాలువా కప్పి పంపించారు. అప్పటికి నేనొక ప్రైవేటు జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతూ, వాయిదాల మీద ఒక పాత కంప్యూటరు కొన్నాను. ఒక స్నేహితుడు ఇచ్చిన సీడీలో క్యూ క్లబ్ అనే ఆట వుంది. ఇంగ్లండుకు చెందిన బుల్‌డాగ్ ఇంటరాక్టివ్ అనే సంస్థ 2000 లో చేసిన ఆట. ఆ రోజుల్లో మన ఊళ్ల ఇంటర్నెట్ సెంటర్లలో కుర్రవాళ్లు గంటకు ఇంత అని ఇచ్చి దీన్నే ఆడుతుండేవారు. పూలూ వుంది, స్నూకరూ వుంది. ఇంట్లో గోడ వంక చూస్తూ కూర్చున్న మనిషికి కాలక్షేపం అవుతుందని ఒక సాయంత్రం పెట్టి చూపించాను.

ఆయన చాలాసేపు తెర వంక చూశాడు. అందులో బల్ల పైనుంచి కనిపిస్తుంది.

"ఇదేమిట్రా, దీపానికి కనిపించే బల్లలా వుంది" అన్నాడు.

నిజమే. బల్ల మీద వేలాడే దీపానికి తప్ప మరెవరికీ ఆ చూపు దక్కదు. కళ్లను కర్రకు ఆనించి, బంతి వెనక బంతి పెట్టి చూడటం అలవాటయిన మనిషికి ఆ పటం చూసి గురి కుదరడానికి వారం పట్టింది. మౌసు కుడిచేత్తో కుదరక ఎడమచేత్తో నేర్చుకోవడానికి మరో మూడు వారాలు.

కుదిరాక మొదలయింది విమర్శ. కావ్యాలకు వ్యాఖ్యానాలు చదివినవాణ్ణి గాని అంత నిశితమైన వ్యాఖ్యానం నేను వినలేదు. తెల్లబంతిని అడుగున కొడితే ఎదుటి బంతికి తగిలి వెనక్కి వస్తుంది; దాన్ని స్క్రూ అంటారు. ఆ బంతి కాసేపు గుడ్డ మీద జారుతుంది, ఆ తర్వాతే దొర్లడం మొదలెడుతుంది. జారుతున్నప్పుడు తగిలితే ఒక దారి, దొర్లుతున్నప్పుడు తగిలితే మరో దారి. 1835 లోనే కొరియోలిస్ అనే ఫ్రెంచి పండితుడు ఈ తిరుగుళ్ల మీద ఒక గణిత గ్రంథం రాశాడు. ఆ లెక్కలే ఈ ఆటలు తయారుచేసేవారికి ఆధారం. కొరియోలిస్ పేరు నాన్నకు తెలియదు. కాని తెర మీద బంతి వెనక్కి రాగానే "ఊఁ, దీన్ని చేసినవాడెవడో బల్ల దగ్గర నిలబడ్డవాడే" అన్నాడు. ఆయన వంక పెట్టింది ఒక్కటే. "దీనికి నూగు లేదురా. వానాకాలం లేదు. రోజూ ఒకేలా వుండేది బల్ల ఎలా అవుతుంది?"

ఆ ఆటలో ఇంకొక తమాషా వుంది. కబుర్ల గదులని కొన్ని వుంటాయి. అందులోకి వెళితే ఆటగాళ్లు పేర్లతో సహా కూర్చుని వుంటారు. ఒకరిని ఎన్నుకుని ఆడవచ్చు. ఆడుతూ మాటలు రాసి పంపితే వాళ్లు జవాబిస్తారు. జవాబులు ఒకోసారి అతుకుతాయి, ఒకోసారి అతకవు. అది మా కళాశాల స్టాఫ్ రూములోనూ వున్నదే. వాళ్లెవరూ మనుషులు కారు. అంతా యంత్రం చెప్పే కబుర్లు.

ఈ సంగతి నాన్నకు చెప్పాలని నాకు తోచలేదు. తోచకపోవడానికి కారణం, ఆయనకు తెలుసనే నేననుకున్నాను.

ఒకరోజు ట్యుటోరియల్ ముగించుకుని రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరాను. అమ్మ గుమ్మంలోనే వేలు పెదవి మీద పెట్టుకుని, "నెమ్మది. మీ నాన్న ఎవరో పెద్దవాళ్లతో ఆడుతున్నారు" అంది. లోపల ఆయన ఉతికిన చొక్కా తొడుక్కుని కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. పక్కన మా చెల్లెలు. తెర మీద నల్లబంతి ఒక్కటే మిగిలింది. నాన్న మూడు పాయింట్ల ముందున్నాడు. నల్లబంతి విలువ ఏడు. ఎవరు వేస్తే వాళ్లదే ఫ్రేము. మా చెల్లెలయినా వెయ్యగలిగిన బంతి అది. నాన్న కొట్టాడు. బంతి వెళ్లి గుంట రెండు దవడలకూ తగిలి, అంచున అలాగే నిలబడిపోయింది. యంత్రం దాన్ని నెట్టేసి గెలిచింది. నాన్న ఎడమచేతి చూపుడువేలితో ఒక్కొక్క అక్షరమే వెతికి నొక్కి "గుడ్ షాట్ సర్" అని రాశాడు.

"అన్నయ్యా, రోజూ ఇంతే. ఒక్కటీ గెలవడు" అంది చెల్లెలు.

"కావాలనే వదిలేశావు కదూ నాన్నా?" అన్నాను.

ఆయన సిగ్గుపడ్డాడు. "వాళ్లెవరో, ఏ ఊరివాళ్లో. మన ఇంటికొచ్చి ఆడుతున్నారు. ఓడించి పంపితే బాగుంటుందా?"

నేనప్పుడు ఊరుకుంటే పోయేది. ఆయనకు నాలుగు మంచి మాటలు మాట్లాడే మనుషులు దొరికారు. వాళ్లను లేరని చెప్పడం వల్ల నాకొచ్చేదేమిటి? కాని ఉతికిన చొక్కా చూశాక నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. "మనుషులు కారు నాన్నా! మన ఇంట్లో టెలిఫోనే లేదు, వాళ్లెలా వస్తారు? అది ఉత్త యంత్రం. నువ్వు యంత్రానికి ఓడిపోతున్నావు" అన్నాను. గొంతు కొంచెం పెరిగింది కూడా.

ఆయన లేచి కంప్యూటరు వెనక్కి వెళ్లి వంగి చూశాడు. తీగలు ఒక్కొక్కటే పట్టుకుని ఎక్కడికి పోతున్నాయో వెతికాడు. ఏదీ గోడ దాటలేదు. వచ్చి చొక్కా విప్పి వంకెకు తగిలించి పడుకున్నాడు. మా అమ్మ నాకు అన్నం పెట్టింది గాని నాతో మాట్లాడలేదు.

నాలుగు రోజులు ఆయన ఆ గదిలోకి పోలేదు. నేను రెండుసార్లు "ఆడవా నాన్నా" అన్నాను. "కళ్లు మండుతున్నాయిరా" అన్నాడు. దరఖాస్తునాడు ఊరుకున్నట్టే ఇప్పుడూ ఊరుకుంటున్నాడని నాకు తెలుస్తూనే వుంది.

ఐదోరోజు రాత్రి నేను జవాబు పత్రాలు దిద్దుకుంటుంటే వచ్చి నిలబడ్డాడు. వంటి మీద బనీనే వుంది.

"ఒరే, అది పెట్టు. ఇవాళ నువ్వు మార్కు చెయ్యి."

"స్కోరు అదే చూపిస్తుంది కదా నాన్నా."

"చూపించడం వేరు, పలకడం వేరు. బల్ల పక్కన మనిషి పలకాలి."

పత్రాలు పక్కన పెట్టి కంప్యూటరు బల్ల పక్కన నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన తల తిప్పకుండానే, "వెనక్కి కట్టుకో. నీడ పడకుండా నిలబడు" అన్నాడు. యంత్రం ముందు కొట్టి ఎర్రబంతులను చెదరగొట్టింది. నాన్న ఒక ఎర్రబంతి వేశాడు.

"ఒకటి" అన్నాను.

"వినపడలేదు."

"ఒకటి!"

నల్లబంతి. "ఎనిమిది." ఎర్ర. "తొమ్మిది." మళ్లీ నల్ల. "పదహారు." అమ్మా చెల్లెలూ గుమ్మంలోకి వచ్చారు. తెల్లబంతి ప్రతిసారీ తర్వాతి బంతి ముందుకే పోయి, ఎవరో పిలిచినట్టు ఆగుతోంది. పదిహేడు. గులాబీ, ఇరవై మూడు. ఇరవై నాలుగు. ముప్ఫై ఒకటి. క్లాసులో వందమందికి పద్యం వినిపించే గొంతు నాది. ముప్ఫై రెండు దగ్గర అది వణికింది. ఎడమచేతిలోని మౌసు మాత్రం వణకలేదు. నీలం, ముప్ఫై ఏడు. ముప్ఫై ఎనిమిది. నల్ల, నలభై అయిదు. ఎర్ర, నలభై ఆరు.

తర్వాతి నల్లబంతి గుంట అంచుదాకా వెళ్లి దవడకు తగిలి ఆగిపోయింది.

నాన్న నా వంక తిరిగాడు. "ఇది మాత్రం నిజంగానే తప్పిందిరా" అన్నాడు.

"తెలుసు నాన్నా."

"ఊఁ, అలా నిలబడతావేం? వాడు కొట్టబోతున్నాడు. వాడి లెక్క కూడా నువ్వే పలకాలి."

నేను చేతులు వెనక్కి కట్టుకుని తెర వంక చూశాను.