వేదాద్రి త్రోవలో కల్లులొట్టి

గడచిన వేసవిలో నొకనాటి వేకువను మేము జగ్గయ్యపేటనుండి వేదాద్రికి బయలుదేరితిమి. పూర్వము కృష్ణాజిల్లాలోని యీ సీమ 2022నుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. త్రోవలో గీతకాండ్రు తాళ్లనుండి లొట్టులు దించుచుండిరి. మా వదినెగారు పిల్లలకు చలువచేయునని యొక చెంబెడు కొని మూతపెట్టిరి. "ప్రొద్దుటిది నీరాయే గదా! దర్శనమైన పిమ్మట పోయుదము" అనిరి.

కృష్ణలో స్నానమాడి, యోగానంద నరసింహస్వామిని సేవించితిమి. సోమకాసురుడు హరించిన వేదములు విష్ణువుచే రక్షింపబడి యిచట గిరియై వెలసెనని స్థలపురాణము. మధ్యాహ్నము రేవునకు వచ్చునప్పటికి చెంబు నురుగుతో పొంగుచుండెను. వదినెగారు గిన్నెలు తీసిరి. మేము చేయిపట్టుకొంటిమి.

సోదరీమణులారా! లొట్టి లోపల సున్నము పూసినచో రసము పులియక తీయగా నుండును, అదియే నీరా. పూయనిచో గాలిలోని యీస్టు సూక్ష్మజీవులు చేరి చక్కెరను తినును. ఆ చక్కెరలో నించుమించు సగము మద్యసారముగను, తక్కినది బొగ్గుపులుసు గాలిగను మారును. ఆ గాలియే మనము చూచిన నురుగు. కొన్ని గంటలలోనే మద్యసారము నూటికి 4, 5 పాళ్లు కావచ్చును.

"అట్లయిన నిలువయుంచినకొలది మత్తు హెచ్చునా?" అని వదినెగారడిగిరి. హెచ్చదు. చక్కెర తరిగినపిదప, గాలి తగిలినచో వేరొకజాతి సూక్ష్మజీవులు మద్యసారమునే పులుసుగా మార్చును. కల్లు సిర్కా యగును. ఆసవారిష్టముల కుండమూతిని వైద్యులు మట్టిగుడ్డతో బిగించుట యీ గాలిని వారించుటకే.

పాశ్చాత్యులు యవలతో చేయు బీరును ఓకుకొయ్య పీపాలలో నెలలకొలది నిలువయుంతురు. అచటను కాలమొక్కటే బలము నీయదు. అంతకుముందు విస్కీయుంచిన పీపాయైనచో కొయ్యలో నింకిన సారాయి బీరులోనికి దిగి బలమును కొంత హెచ్చించును. కొయ్యనంటిన సూక్ష్మజీవులు మిగిలిన చక్కెరను తినినను కొంత హెచ్చును. కొయ్యగుండ నీరును మద్యసారమును గూడ మెల్లగా నావిరియగును. పొడిగాలిలో నీరే యెక్కువ పోవుటచే విస్కీ బలము పెరుగును, చెమ్మగాలిలో తరుగును. కావున పాత్రయు, గాలియు, మిగిలిన చక్కెరయు చూడక "పాతదే ఘాటు" అనుట పొరపాటు.

వదినెగారు మాటాడక చెంబును ఇసుకలో కుమ్మరించిరి. పిల్లలు మొగములు చిన్నబుచ్చుకొనిరి. మేము తెచ్చిన మజ్జిగలో ఉప్పును నిమ్మరసమును కలిపి పోసితిమి. తల్లులు నీరా కొనునప్పుడు సున్నపులొట్టిదేనాయని యడిగి, అప్పుడే త్రాగింపవలెను. ప్రొద్దుట తీయనిదైనంత మాత్రమున మధ్యాహ్నమునకు బిడ్డకు తగినది కాదు.