ఆరడుగుల వంటగదికి ఏ లెన్సు?

మా పిన్ని కర్రీ పాయింట్ బెంజ్ సర్కిల్ నుంచి పటమట వైపు వెళ్తుంటే ఒక సందులో ఉంటుంది. వంటగది తొమ్మిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. అందులో రెండడుగులు గట్టుకే పోయాయి. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్ళే 16వ నంబరు హైవే, మచిలీపట్నం నుంచి హైదరాబాద్ మీదుగా పుణె వెళ్ళే 65వ నంబరు హైవే కలిసే చోటు ఇది. దేశమంతా ఇటే పోతుంది గానీ, మా పిన్ని వంటగదిలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాలి.

డెలివరీ యాప్‌లో మా ఉలవచారు పక్కనే ఇంకెవరిదో ఉలవచారు. వాళ్ళది ఇత్తడి గిన్నెలో మెరుస్తోంది, మాది స్టీలు గిన్నెలో ఇంజనాయిల్‌లా ఉంది. హాస్టలు పిల్లలు, షాపుల్లో పనిచేసేవాళ్ళు సందులోకి వచ్చి కొనుక్కెళ్ళే రోజులు తగ్గాయి. ఫోటో చూసి నొక్కుతున్నారు. బాబాయి ఉద్యోగం పోయాక ఇల్లు నడిచేది ఆ ప్యాకెట్ల మీదే. ఆటోనగర్‌లో ఒక షాపుకి లెక్కలు రాసే నా దగ్గర పాత నికాన్ డి5300, దాంతో వచ్చిన 18-55 లెన్సు ఉన్నాయి కాబట్టి ఫోటోల పని నా మీద పడింది.

"ఫోన్లో తీస్తే తినరా ఏంటే?" అంది పిన్ని.

న్యాయమైన ప్రశ్నే. ఎండలో ఒక్క గిన్నె తియ్యడానికి ఫోను చాలు. కానీ ఫోను మెయిన్ కెమెరా వెడల్పుగా చూస్తుంది. గిన్నె నిండుగా కనబడాలని దగ్గరికి వెళ్తే ముందంచు ఉబ్బిపోతుంది, వెనకంచు కుంచించుకుపోతుంది. గారెల పళ్ళెం తీస్తే ముందు గారె అప్పడమంత, చివరిది బొత్తామంత. కొంచెం దూరంగా నిలబడి తీస్తేనే పళ్ళెం పళ్ళెంలా ఉంటుంది. ఎంత దూరం అన్నదే అసలు తగువు.

పిన్ని చీటీ పాడి పన్నెండు వేలు పక్కన పెట్టింది. ఆ డబ్బుతో కొనాల్సింది నిజానికి గ్రైండరు. రాళ్ళు అరిగి, గంటలో అయ్యే పప్పుకి గంటన్నర తీసుకుంటోంది. "ఇంకో ఆర్నెల్లు లాగుతుందిలే" అంది. ఆ మాట విన్నాక లెన్సుల రివ్యూలు సరదాగా చూడలేకపోయాను.

రివ్యూల్లో అందరూ చెప్పేది 50 మి.మీ., ఎఫ్/1.8. చవక, తేలిక, వెనకంతా వెన్నలా కరిగిపోతుంది. వాళ్ళ స్టూడియోల్లో పెద్ద కిటికీ, దాని ముందు బల్ల, బల్ల చుట్టూ తిరిగేంత జాగా. నా కెమెరాలాంటి ఏపీఎస్-సీ సెన్సార్ మీద 50 మి.మీ. లెన్సు, ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 75 మి.మీ. చూసినంతే చూస్తుంది. గట్టు మీద నాలుగు గిన్నెలు వరసగా పెడితే మూడడుగులు. అవన్నీ ఫ్రేములో పట్టాలంటే ఈ లెన్సుతో ఆరడుగుల పైన దూరం కావాలి, అంటే గోడలో నిలబడాలి. 35 మి.మీ. అయితే నాలుగున్నర అడుగులు చాలు.

లెక్క కాగితం మీద బాగానే ఉంది. అయినా చీటీ డబ్బు కదా! అందుకని కిట్ లెన్సునే 35 దగ్గర తిప్పి ఇన్సులేషన్ టేపు చుట్టేసి వారం రోజులు తీశాను, తర్వాతి వారం 50 దగ్గర. పైసా ఖర్చులేని పరీక్ష ఇది. కిట్ లెన్సు ఉన్నవాళ్ళెవరైనా కొనేముందు చేసి తీరాలి. రెండో వారమంతా నా వీపు గోడకున్న సున్నం తుడిచింది. ఒక్క చోట మాత్రం 50 గెలిచింది. నేల మీద అరిటాకు వేసి, నిలబడి పైనుంచి తీస్తే రెండున్నర అడుగుల ఆకు సరిగ్గా ఫ్రేముకి సరిపోయింది. బంతిభోజనాలు తీసేవాళ్ళకి అదే మేలేమో. కర్రీ పాయింట్‌లో బంతి వెయ్యరు.

ఇక ఆ ఎఫ్/1.8 సంగతి. దాని కోసమే ప్రైమ్ కొంటారు, వంటకాలకి మాత్రం దాన్ని పూర్తిగా తెరవడం అరుదు. 35 మి.మీ.తో అడుగున్నర లోపు నుంచి తీస్తే ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా వచ్చేది సుమారు ఒక సెంటీమీటరు. గారె చిల్లు స్పష్టంగా ఉంటే అంచు మసక. నేను ఎఫ్/4 దాటే వాడతాను. గిన్నె కదలదు కాబట్టి స్టాండు మీద పెట్టి నెమ్మదిగా తీసుకోవచ్చు, అప్పుడు కిట్ లెన్సే సరిపోతుంది. జాగా ఉన్నవాళ్ళకి నా సలహా కూడా అదే: ముందు స్టాండు కొనండి. మా గట్టు ముందు స్టాండు మూడు కాళ్ళు చాపితే పిన్ని పొయ్యి దగ్గరికి చేరలేదు. పైగా ఆవిరి ఆగదు, గరిటె ఆగదు, తాలింపు అసలే ఆగదు. కిట్ లెన్సు 35 దగ్గర సుమారు ఎఫ్/4.5 వరకే తెరుచుకుంటుంది. ఎఫ్/1.8 దానికి ఆరింతల వెలుతురు లోపలికి రానిస్తుంది. తాలింపు చిటపటలు పట్టుకోవాలంటే ఆ ఆరింతలు కావలసిందే.

గవర్నరుపేటలో ఒక సెకండ్ హ్యాండ్ షాపతను 50 మి.మీ. ఎఫ్/1.8 డి చూపించి "ఇంతకంటే చవక దొరకదు" అన్నాడు. నిజమే. కానీ డి5300 లాంటి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు కాబట్టి ఆ లెన్సుకి ఆటోఫోకస్ పనిచెయ్యదు. ఆ ముక్క అతను చెప్పలేదు. ఇంకో లెన్సులోకి ఫోన్ టార్చ్ వేసి చూస్తే లోపల సాలెగూడు లాంటి బూజు. మన కృష్ణాతీరం ఉక్కకి లెన్సుల్లో బూజు మామూలే. ఆవకాయ జాడీకి తడి చెయ్యి తగలనివ్వనట్టే లెన్సుకీ చెమ్మ తగలనివ్వకూడదు. గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు చాలు. మూడో లెన్సు 2009లో వచ్చిన డీఎక్స్ 35 మి.మీ. ఎఫ్/1.8 జి. అడుగు దూరం దాకా ఫోకస్ అవుతుంది. ఆవగింజని ఫ్రేము నిండా చూపించాలంటే మైక్రో లెన్సు కావాలి గానీ, ఆవగింజ చూసి ఎవరూ ఆర్డరివ్వరు. ఏడున్నర వేలకి తీసుకున్నాను. మిగతా నాలుగున్నర వేలు పిన్నికిచ్చేశాను. గ్రైండరు రాళ్ళకి గంట్లు కొట్టించింది.

లెన్సు వచ్చాక కూడా ఉలవచారు లొంగలేదు. నల్లటి వస్తువుని చూస్తే కెమెరా చీకటి అనుకుని వెలుతురు పెంచేస్తుంది, చారు పలచటి సాంబారులా తేలిపోతుంది. పెరుగన్నానికి అదే తిరగేసి జరుగుతుంది, తెల్లటిది బూడిదరంగుకి దిగుతుంది. చారుకి ఒక స్టాపు తగ్గించి, పెరుగన్నానికి ఒకటి పెంచి తీస్తున్నాను. ట్యూబులైటు ఆపేసి, గిన్నె వెనక వైపు నుంచి గుమ్మం వెలుతురు పడేలా పెడితే అప్పుడు మెరిసింది చారు, నూనె కక్కుతూ, చిక్కగా. చిక్కంతా ఆ గుమ్మంలో ఎండ తొమ్మిదిన్నరకే వెళ్ళిపోవడం. చారు దిగేసరికి పదకొండు. ఇప్పుడు ఫోటో రోజున పిన్ని తెల్లారుజామున నాలుగింటికి లేచి ఉలవలు పొయ్యెక్కిస్తోంది.

మొన్న చారు మధ్యలో చెంచాడు మీగడ, పైన రెండు కొత్తిమీర రెబ్బలు వేశాను. పిన్ని వచ్చి చూసింది. మీగడ ఉంచింది, కొత్తిమీర తీసేసింది.

"అదేంటి పిన్నీ, రంగు బావుంది కదా?"

"మీగడ ప్యాకెట్లో వేసిస్తాను. కొత్తిమీర వెయ్యను. ఉలవచారులో కొత్తిమీర ఏంటే, ఎక్కడ నేర్చావ్? తొందరగా తియ్, ఎండ పోతోంది."