ఒడి ఉన్నా సీటు కావాలి

మన ఇళ్ళల్లో చంటిపిల్లతో కారెక్కుతున్నామంటే మొదటి చర్చ ఎవరి ఒళ్ళో కూర్చోబెట్టాలన్నదే. నానమ్మ ఒకవైపు చేతులు చాపుతుంది, అమ్మమ్మ ఇంకోవైపు. ముందు సీట్లో అయితే రోడ్డు కనబడుతుంది, ఏడవదు అంటాడు బాబాయి. బెల్టు మాత్రం డ్రైవరు గొడవ. వెనక కూర్చున్న మనకీ, మన ఒళ్ళో పిల్లలకీ దానితో ఏం సంబంధం లేదన్నట్టే ఉంటాం.

మా తమ్ముడి కూతురికి ఏడాదిన్నర. పోయిన మాఘమాసంలో ఒక పెళ్ళికి హైదరాబాదు నుంచి విజయవాడకి వాళ్ళ కారులోనే వెళ్ళాం. మా మరదలు వెనక సీట్లో పిల్ల కోసం కారు సీటు బిగించింది. అది చూసి మా అమ్మ మనసు కష్టపెట్టుకుంది. "నేనుండగా పిల్లని పట్టీలతో కట్టేస్తారా? ముగ్గురు పిల్లల్ని ఈ ఒళ్ళోనే పెట్టుకుని తిరిగాను" అంది. మరదలు నెమ్మదిగా, "మీ చేతుల మీద అనుమానం కాదత్తయ్యా, కారు వేగం మీద" అంది. అమ్మ ముఖం తిప్పుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేనిద్దరి మధ్యా ఉన్నాను. ఆవిడ బాధా నిజమే, ఈ పిల్ల భయమూ నిజమే.

ఇంటర్ చదివే మా అబ్బాయి ఒకసారి నాకు లెక్క వేసి చూపించాడు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు దేన్నయినా గుద్దుకుంటే, లోపలి మనిషికి అది పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి పడినంత వేగం. పది కిలోల పిల్ల ఆ క్షణంలో మన చేతులకి వంద కిలోల పైమాటే. ఎంత ప్రేమతో పట్టుకున్నా చేతులు నిలబడవు. మనం బెల్టు పెట్టుకోకపోతే మన బరువంతా పిల్ల మీదే పడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుట్టినా అంతే.

నకిరేకల్ దాటాక ఎదురుదారిలో ఒక బైకు వచ్చింది. తమ్ముడు గట్టిగా బ్రేకు వేశాడు. దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు. సీటు మీద పెట్టిన చక్రాల స్టీలు డబ్బా మాత్రం ఎగిరి ముందువాళ్ళ సీట్ల మధ్యలోంచి గేరు దగ్గర పడింది. పిల్ల తన సీట్లోనే ఉంది, ఒకసారి ఉలిక్కిపడి బిస్కెట్టు అడిగింది. అమ్మ ఆ డబ్బా వైపే చూస్తూ ఉండిపోయింది. ఎవరం ఏమీ అనలేదు.

కోదాడ దగ్గర పడుతుంటే పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ అమ్మ చెయ్యి బకిల్ మీదకి వెళ్ళింది. "ఆపి తీద్దాం అత్తయ్యా, తీసి నడపొద్దు" అంది మరదలు. హోటల్ ఆవరణలో కారు ఆపాం. అరగంట సేపు నానమ్మ ఒళ్ళోనే పెరుగన్నం తిని, చెట్టు కింద కాసేపు తిరిగి వచ్చింది పిల్ల. తర్వాత నిద్రపోయింది. అప్పటినుంచి మా ఇంట్లో అదే సూత్రం: రెండు గంటలకోసారి ఆగడం, ఆగినంతసేపు పిల్ల నానమ్మది.

సీటు కొనేటప్పుడు పిల్ల బరువు, ఎత్తు చూసుకోవాలి. ఎంతవరకు పనికొస్తుందో సీటు మీదే రాసి ఉంటుంది. చిన్నపిల్లల తల బరువు, మెడ లేత. అందుకే వీలైనంత కాలం సీటు కారు వెనకవైపుకి తిరిగి ఉండాలి. అలాంటి సీటుని ఎయిర్‌బ్యాగు పనిచేసే ముందు సీట్లో ఎప్పుడూ పెట్టకూడదు. పట్టీ భుజం దగ్గర వేళ్ళతో పట్టుకుంటే మడత పడకూడదు, పడితే వదులని అర్థం. ప్రమాదంలో పడిన పాత సీటు ఎవరిచ్చినా వద్దు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 14 ఏళ్ళలోపు పిల్లలకి బెల్టుగానీ, పిల్లల సీటుగానీ లేకుండా నడిపితే 1000 రూపాయల జరిమానా ఉంది. జరిమానాకి భయపడమని చెప్పడం లేదు, చట్టం కూడా పిల్లల్ని లెక్కలోకి తీసుకుందని చెబుతున్నానంతే.

కారు కదలనప్పుడూ జాగ్రత్త ఉండాలి. వెనక తలుపులకి చైల్డ్ లాక్ వేసుకోండి. "రెండు నిమిషాల్లో వచ్చేస్తా"నని పిల్లల్ని కార్లో వదిలి కొట్లోకి వెళ్ళకండి. మూసిన కారు ఎండలో పది నిమిషాలకే దాదాపు పది డిగ్రీలు వేడెక్కుతుంది. గేటులోంచి కారు వెనక్కి తీసేటప్పుడు పిల్ల ఎవరి చేతిలో ఉందో నోటితో చెప్పుకున్నాకే తియ్యాలి. అద్దంలో అంత చిన్నపిల్ల కనబడదు.

సీటుకి కొన్ని వేలవుతాయి, నిజమే. బారసాలకి, పుట్టినరోజుకి వెండిగిన్నెలు, గొలుసులు పెడతాం కదా, ఇంట్లో నలుగురూ కలిసి ఈసారి అది పెట్టండి. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు మాత్రం "మీకు తెలియదు" అనకండి. వాళ్ళు మనల్ని పెంచిన రోజుల్లో ఇన్ని కార్లూ లేవు, ఇంత వేగమూ లేదు. వాళ్ళ ఒడి అప్పటికీ ఇప్పటికీ ఒకటే. మారింది రోడ్డు.